కూరకు ఒక్క గరిటె

తెలుగులో మనిషి లావు కావడాన్ని చెప్పే మాటలు రెండు తెగలుగా కనిపిస్తాయి. ఒళ్ళు చేయడం, పుష్టిగా ఉండడం, బొద్దుగా ఉండడం, నిండుగా కనిపించడం అనేవి ఆదరంతో పలికే మాటలు. కొవ్వెక్కడం, ఒళ్ళు బలియడం, తిన్నది అరగకపోవడం అనేవి తిట్లు. మొదటి తెగ మాటలు కరువులు చూసిన కాలంలో పుట్టాయి. ఇంట్లో నాలుగు గింజలున్నాయనడానికి ఆనాడు ఒంటి మీది కండే సాక్ష్యం కనుక, ఆ సాక్ష్యాన్ని చూసి పెద్దలు సంతోషపడేవారు. రెండో తెగ మాటలు ఎండలో ఒళ్ళు వంచి బతికినవారు నీడపట్టున కూర్చుని తినేవారిని చూసిన చూపులోంచి వచ్చాయి. వాటిలో కొవ్వు అంటే శరీరంలో పేరుకునే పదార్థం కాదు, పొగరు. విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న ఇరవై ఏళ్ల యువతీయువకుల్లో ఊబకాయం ఎందుకు పెరుగుతున్నదని ఆలోచించబోయే ఎవరికైనా ఈ రెండు తెగల మాటలూ దారికి అడ్డం వస్తాయి. సెలవులకు ఇల్లు చేరిన బిడ్డ గడప దాటకముందే తల్లి 'చిక్కిపోయావు నాన్నా' అంటుంది. ఆర్నెల్లలో నాలుగు కిలోలు పెరిగిన బిడ్డతో కూడా ఆ మాటే అంటుంది. తిరిగి హాస్టలుకు వెళ్ళేసరికి అదే బిడ్డకు తోటివారు పెట్టిన మారుపేరు ఒకటి కాచుకుని ఉంటుంది. ఆ బిడ్డ రోజు ఎలా గడుస్తున్నదో, ఏ వేళకు ఏమి దొరికితే తింటున్నదో అడిగేవారు అటూ ఇటూ కూడా ఉండరు.

ఊబకాయం అన్న మాట ఎంత బరువు దగ్గర మొదలవుతుందో ముందుగా చూడాలి. వైద్యులు వాడే కొలత దేహ ద్రవ్యరాశి సూచిక, అంటే అందరూ బీఎంఐ అని పిలిచేది: కిలోల్లో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తును అదే సంఖ్యతో హెచ్చవేయగా వచ్చిన దానితో భాగిస్తే వచ్చే అంకె. పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో బెల్జియం గణితవేత్త అడాల్ఫ్ కెట్లే సగటు మనిషి కొలతల కోసం ఈ లెక్కను కట్టగా, 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ దానికి ఇప్పటి పేరు పెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 25 దాటితే అధిక బరువు, 30 దాటితే ఊబకాయం. భారతీయుల శరీరాలకు ఈ గీతలు సరిపోవని తేలడంతో 2009లో ఇక్కడి వైద్య నిపుణులు 23ను అధిక బరువుకూ 25ను ఊబకాయానికీ మొదలుగా నిర్ణయించారు. ఆ ప్రకారం 165 సెంటీమీటర్ల ఎత్తున్న విద్యార్థి 63 కిలోల దగ్గర మొదటి గీతనూ, 68 కిలోలు దాటగానే రెండో గీతనూ దాటినట్లు. తెలుగు ఇళ్లలో 68 కిలోల కుర్రవాణ్ణి ఎవరూ లావు అనరు. అందుకే ఈ అంకె చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది.

గీత ఎందుకు కిందికి జరపవలసి వచ్చిందో తెలిపే ఒక ఫొటో వైద్య సాహిత్యంలో ప్రసిద్ధం. పుణే కేఈఎం ఆసుపత్రి వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి తీయించుకున్న ఆ ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఇద్దరి బీఎంఐ 22.3, చూడడానికి ఇద్దరూ సన్ననివారే. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం ఉండగా యాజ్ఞిక్‌కు 21.2 శాతం ఉన్నది. పైకి పీలగా ఉంటూ లోపల కొవ్వు దాచుకునే ఈ తీరు భారతీయుల్లో ఎక్కువ. ఆ కొవ్వు చర్మం కింద సమంగా పరుచుకోక పొట్టలో, కాలేయం చుట్టూ, పేగుల మధ్య చేరుతుంది. దాన్నే అంతరావయవ కొవ్వు అంటారు. రక్తంలోని చక్కెరను కణాల్లోకి పంపే ఇన్సులిన్ మాటను శరీరం వినకుండా చేసేది, అంటే ఇన్సులిన్ నిరోధకతకు దారి తీసేది, ప్రధానంగా ఈ కొవ్వే. కనుక తూకం యంత్రం కంటె దర్జీ టేపు ఎక్కువ నిజం చెబుతుంది: నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడవలసిందే. చేతులు పుల్లల్లా ఉండి చొక్కా కింద చిన్న బొజ్జ తొంగిచూసే యువకులు విశ్వవిద్యాలయ తరగతి గదుల్లో ఎంతమంది ఉంటారో పాఠం చెప్పే వారందరికీ తెలుసు. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 25 గీతనే పెట్టుకుని చూసినా, 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో అధిక బరువో ఊబకాయమో ఉన్నవారు దేశంలో 24 శాతం కాగా ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతమని, తెలంగాణలో 30.1 శాతమని లెక్క తేల్చింది. తెలుగు నేల ఈ విషయంలో దేశపు సగటు కంటె చాలా ముందున్నది.

ఇంత దూరం ఎలా వచ్చిందో తెలియాలంటే 1918కి వెళ్ళాలి. ఆ ఏడు హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టింది. అదే ఏడు, ఎక్కడో నీలగిరి కొండల్లోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ అనే వైద్యుడు ఒక చిన్న గదిలో బెరిబెరి విచారణ విభాగాన్ని ప్రారంభించాడు. కాళ్ళు తిమ్మిరెక్కి, గుండె నీరసించి మనిషిని తీసుకుపోయే ఆ జబ్బు భారతదేశంలో ముఖ్యంగా తెలుగు తీరాన్ని, ఆనాడు ఉత్తర సర్కారులని పిలిచిన జిల్లాలను పట్టి పీడించేది. కారణం బియ్యం. దంపుడు బియ్యానికి తవుడు అంటుకుని ఉంటుంది. అందులో థయామిన్, అంటే బి1 విటమిన్ ఉంటుంది. వడ్లను ఉడకబెట్టి ఆరబోసి ఆడించిన ఉప్పుడు బియ్యంలో కూడా ఆ విటమిన్ గింజలోకి ఇంకి నిలుస్తుంది. సర్కారు జిల్లాల వారు ఉప్పుడు బియ్యం ఇష్టపడరు. పచ్చి వడ్లను మర పట్టించి తెల్లగా మెరిసేదాకా పాలిష్ చేసిన బియ్యం తినడం అలవాటు కావడంతో తవుడుతోపాటు విటమిన్ కూడా పోయి జబ్బు మిగిలింది. కూనూరు గది పెరిగి పెద్ద పరిశోధనాలయమై, 1958లో హైదరాబాదు తార్నాకకు తరలి వచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అన్న పేరు పొందింది. ఒకే ఏడాది పుట్టిన ఆ రెండు సంస్థలూ 1958 నుంచి ఇరుగుపొరుగుగా ఉన్నాయి. ఒకదానిలో అన్నం మీద పరిశోధన జరుగుతున్నది. రెండోదాని హాస్టళ్లలో వేలమంది పిల్లలు ఆ అన్నం తింటున్నారు.

ఆ అన్నం కంచాన్ని దగ్గరగా చూడాలి. విశ్వవిద్యాలయ హాస్టలు మెస్‌లో మధ్యాహ్నం పన్నెండున్నరకు వరుస కదులుతుంది. స్టీలు ప్లేటు ఇంకా తడిగానే ఉంటుంది. మొదట అన్నం డేగిసా వస్తుంది. విద్యార్థి తానే హస్తం అందుకుని రెండు మూడు సార్లు వేసుకుంటాడు, ఎవరూ లెక్క చూడరు. తర్వాత కూర దగ్గర ఒక మనిషి నిలబడి ఉంటాడు. ఆయన చేతిలో చిన్న గరిటె ఉంటుంది, ఒక్కసారి వేస్తాడు, ప్లేటు అక్కడే నిలిపితే తల అడ్డంగా ఊపుతాడు. పక్కన పప్పు, అందులో పప్పు కంటె నీళ్ళు ఎక్కువ. సాంబారు బకెట్టుకు కాపలా లేదు, ఎంతైనా పోసుకోవచ్చు. గుడ్డు రోజున గుడ్డు ఒకటి. ఆకుకూర వారానికి ఒకటి రెండు సార్లు కనిపిస్తే కనిపించినట్లు. చివర మజ్జిగతో మరొక విడత అన్నం. విద్యార్థి లేచేసరికి కడుపు బిగుసుకుపోయి ఉంటుంది. రెండు గంటల తరగతిలో కళ్ళు మూతలు పడతాయి. నాలుగు దాటేసరికి మళ్ళీ ఆకలి. కాపలా దేనికున్నదో, దేనికి లేదో చూస్తే అక్కడి ఆహార విధానమంతా బోధపడుతుంది: అన్నానికి హద్దు లేదు, కూరకు ఒక్క గరిటె.

జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన మార్గదర్శకాలలో 2,000 కిలో కేలరీల రోజువారీ ఆహారానికి చెప్పిన కొలతలను ఈ కంచం పక్కన పెడితే తేడా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. అందులో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు. కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పప్పులు లేదా వాటికి సాటి వచ్చే మాంసం, గుడ్లు 85 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. ధాన్యం కంటె కూరగాయల బరువు ఎక్కువ ఉండాలన్నది ఆ లెక్కలోని కీలకం. రెండు పూటలా కలిపి 400 గ్రాముల బియ్యం వండిన అన్నం తినే విద్యార్థికి ఆ బియ్యం నుంచే దాదాపు 1,400 కిలో కేలరీలు వస్తాయి. టిఫిను, టీలు, సాయంత్రపు బజ్జీలు ఇంకా మొదలే కాలేదు. తవుడు పోయిన తెల్ల బియ్యం నోట్లో పడిన కొద్దిసేపటికే చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. ఒక ఆహారం ఎంత వేగంగా రక్తంలో చక్కెర పెంచుతుందో చెప్పే కొలతను గ్లైసిమిక్ సూచిక అంటారు. పీచు, మాంసకృత్తులు ఉన్న కూర, పప్పు, గుడ్డు తోడైతే ఆ వేగం తగ్గుతుంది, ఆకలి ఆలస్యంగా వేస్తుంది. తోడు లేని అన్నం త్వరగా కడుపు నింపి, త్వరగా మళ్ళీ ఆకలి పుట్టిస్తుంది. నూరేళ్ల కింద ఈ తెల్ల గింజే మనుషులను విటమిన్ కొరతతో చంపింది. నేడు అదే గింజ, తోడు తక్కువై, పొట్టలో కొవ్వుగా పేరుకుంటున్నది.

అంతమాత్రాన హద్దులేని అన్నాన్ని తప్పుపట్టడం తొందరపాటు అవుతుంది. ఆ నియమం వెనుక ఉన్నది ఆకలి జ్ఞాపకం. మెస్ వరుసలో నిలబడిన విద్యార్థుల్లో చాలామంది తమ ఇంట్లో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కినవారు. వారి తాతలు గంజి, గటక తాగి పొలానికి వెళ్ళినవారు, వరి అన్నాన్ని పండగకు మాత్రమే చూసినవారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చినప్పుడు అది ఎన్నికల వాగ్దానమే కాక లక్షల ఇళ్లలో రెండు పూటలా పొయ్యి మీదికి అన్నం ఎక్కిన సందర్భం కూడా. తెలంగాణలో 2015 జనవరి నుంచి సంక్షేమ హాస్టళ్లలో దొడ్డు బియ్యం మాని సన్న బియ్యం వండడం మొదలైనప్పుడు పిల్లల కళ్ళలో కనిపించిన సంతోషం నిజమైనదే. అది గౌరవానికి సంబంధించిన విషయం. అన్నం అడిగిన బిడ్డకు లేదనడం తెలుగు నేల మీద పాపం. కనుక ఊబకాయం పేరు చెప్పి హాస్టలు పిల్లల అన్నానికి కొలత పెట్టాలని ఎవరైనా అంటే అది చరిత్ర తెలియని మాట. సంకల్పం సగంలో ఆగిపోవడమే ఇక్కడి లోపం: ప్రభుత్వాలూ, యాజమాన్యాలూ బియ్యాన్ని చవక చేశాయి కాని పప్పునూ, కూరగాయనూ, గుడ్డునూ, పండునూ ఆ వరుసలోకి తేలేదు. కడుపు నింపే బాధ్యత తీరిందనుకున్నారు, ఒంటికి పట్టే బాధ్యతను పక్కన పెట్టారు.

తల్లి గర్భం నాటి ఆకలికి కూడా ఇందులో వంతు ఉన్నది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు సమీపంలోని కొన్ని పల్లెల్లో గర్భిణులకూ పసిపిల్లలకూ మొక్కజొన్న, సోయా కలిపి చేసిన ఉప్మాను అదనపు పోషకాహారంగా పెట్టారు. పక్కనే ఉన్న మరికొన్ని పల్లెలకు ఆ కార్యక్రమం అప్పటికి చేరలేదు. జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు, విదేశీ సహచరులతో కలిసి, ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వారయ్యాక 29 పల్లెల్లో మళ్ళీ పరీక్షించారు. ఉప్మా తిన్న పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు; వారిలో ఇన్సులిన్ నిరోధకత తక్కువగా ఉన్నది. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఈ ఫలితం చెప్పేది ఇదే: కడుపులో ఉన్నప్పుడు పస్తు చూసిన శరీరం, దొరికినదాన్ని దాచుకోవడం అప్పుడే నేర్చుకుంటుంది, తర్వాత తిండి సమృద్ధిగా దొరికినా ఆ అలవాటు మానదు. మొదటి తరం విద్యార్థి మెస్‌లో హస్తం అందుకునే క్షణానికి ముందే అతని శరీరానికి ఒక గతం ఉన్నది. అలాంటి శరీరాన్ని చూసి 'తిని కూర్చుంటున్నాడు' అనడం అన్యాయం.

ఇక కూర్చోవడం సంగతి. విశ్వవిద్యాలయంలో చేరిన నాటికి తెలుగు విద్యార్థి రెండేళ్లుగా కూర్చునే ఉన్నాడు. పదో తరగతి వరకు సాయంత్రం వీధిలో పరుగెత్తిన పిల్లవాణ్ణి ఇంటర్మీడియట్‌లో ఒక నివాస కళాశాలలో వేస్తారు. అది చాలాచోట్ల అపార్ట్‌మెంటు లాంటి భవనం; మైదానం ఉండదు, పీఈటీ మాస్టారు ఉండరు. తెల్లవారుజామున మొదలైన స్టడీ అవర్స్ రాత్రి పది దాటేదాకా సాగుతాయి. జేఈఈ, నీట్, ఎంసెట్ అని మొన్నటిదాకా పిలిచిన ఈఏపీసెట్, వీటిలో ర్యాంకు రాకపోతే లాంగ్ టర్మ్ పేరిట మరో ఏడాది అదే కుర్చీ. పదహారు, పదిహేడు ఏళ్లు కండరం, ఎముక బలపడే వయసు. ఆ వయసును బెంచీకి అప్పగించి, ర్యాంకు వచ్చాక ఆ బిడ్డకు ఒళ్ళు కదిలించడం రాదని చింతించడం పెద్దలకు తగదు. ఆటను చదువుకు శత్రువుగా చూసే ఈ పద్ధతిని మార్చనిదే విశ్వవిద్యాలయంలో చేసే ఏ ప్రయత్నమైనా ఆలస్యంగా చేసిన వైద్యమే.

కూర్చోవడం ఎంత నష్టం చేస్తుందో తొలిసారి స్పష్టంగా చూపినది 1953 నాటి లండన్ బస్సుల అధ్యయనం. జెర్రీ మోరిస్ అనే వైద్యుడు రెండంతస్తుల బస్సుల్లో పనిచేసే డ్రైవర్లనూ కండక్టర్లనూ పోల్చి చూశాడు. ఇద్దరిదీ ఒకే సంస్థ, ఒకే తరగతి జీవనం. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు, కండక్టరు టిక్కెట్ల కోసం మెట్లెక్కి దిగుతూ ఉంటాడు. గుండెజబ్బులు డ్రైవర్లలోనే బాగా ఎక్కువగా తేలాయి. మూడేళ్ల తర్వాత ఆయన బృందం మరో పని చేసింది: సంస్థ దర్జీల దగ్గరున్న యూనిఫాం కొలతల పుస్తకాలు తీయించి, ప్యాంట్ల నడుం కొలతలు చూసింది. ఏ వయసు వారిని చూసినా డ్రైవర్ల నడుమే ఎక్కువ. ఆ దర్జీ పుస్తకం వైద్యశాస్త్రంలో అపురూపమైన పత్రం. మనిషి చేసే పని అతని నడుముకు ఎక్కుతుందని అందులో అంగుళాల్లో రాసి ఉన్నది. తెలుగు నాట పిల్లలను పదహారో ఏటనే డ్రైవరు సీట్లో కూర్చోబెడుతున్నారు, బస్సు కూడా లేకుండా.

విశ్వవిద్యాలయంలో చేరాక కాపలా ఒక్కసారిగా పోతుంది, గడియారం తలకిందులవుతుంది. ఇరవై ఏళ్ల ప్రాంతంలో మనిషి శరీరపు గడియారం సహజంగానే ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి త్వరగా నిద్ర పట్టదు, ఉదయం త్వరగా మెలకువ రాదు. జీవితకాలంలో అత్యంత ఆలస్యపు నిద్ర ఆ వయసులోదేనని నిద్ర మీద పరిశోధించినవారు చూపారు. పెద్దలు దీన్ని బద్ధకం అంటారు. అందులో బద్ధకం కొంత ఉన్నా, ఎక్కువ భాగం వయసుది. దానికి సెల్‌ఫోను తోడవడంతో రాత్రి ఒంటి గంట, రెండు గంటలు మామూలైపోయాయి. ఉదయం మెస్ టిఫిన్ కాలం దాటాక లేచిన విద్యార్థి ఒట్టి కడుపుతో తరగతికి వెళ్ళి, పదకొండుకు క్యాంటీన్‌లో సమోసా, టీ తీసుకుంటాడు. రాత్రి భోజనం ఎనిమిదింటికే ముగుస్తుంది. పడుకునే వేళకు ఇంకా అయిదు గంటలున్నాయి. పన్నెండింటి ఆకలి నిజమైన ఆకలే. అప్పుడు గేటు బయట వెలుతురు ఉన్న చోటు ఒక్కటే, ఫాస్ట్‌ఫుడ్ బండి. పెద్ద మంట మీద నల్లని మూకుడులో నూనె, అందులో రాత్రి మిగిలిన అన్నం, సాసులు, గుడ్డు; రెండు నిమిషాల్లో ఎగ్ ఫ్రైడ్ రైస్ కాగితం ప్లేటులోకి దిగుతుంది. బండి దాకా నడిచే ఓపిక లేనివారికి ఫోనులో ఆర్డరు పెడితే బిర్యానీ గది గుమ్మం దాకా వస్తుంది. పక్కన కూల్‌డ్రింక్. నూరు మిల్లీలీటర్లకు దాదాపు పది గ్రాముల చక్కెర చొప్పున 600 మిల్లీలీటర్ల సీసాలో 60 గ్రాములు ఉంటుంది. రోజు మొత్తానికి 25 గ్రాములు మించవద్దని పోషకాహార సంస్థ మాట.

నిద్ర తగ్గితే ఆకలి పెరగడం మనసు బలహీనత వల్ల కాదని ఇప్పుడు తెలుసు. ఆకలి పుట్టించే గ్రెలిన్, చాలునని చెప్పే లెప్టిన్ అనే రెండు హార్మోన్లు ఉన్నాయి. మొదటిది జీర్ణాశయం నుంచి, రెండోది కొవ్వు కణాల నుంచి మెదడుకు కబురు మోస్తాయి. షికాగో విశ్వవిద్యాలయంలో 2004లో పన్నెండు మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూస్తే లెప్టిన్ 18 శాతం తగ్గింది, గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వారి కోరిక ముఖ్యంగా తీపి, ఉప్పు, పిండి పదార్థాల వైపు మళ్ళింది. పరీక్షల వారంలో హాస్టలు గదిలో చిప్స్ పొట్లాలు ఎందుకు గుట్టలు పడతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. ఆ పొట్లాల్లోని సరుకు సంగతి వేరే ఉన్నది. ఫ్యాక్టరీలో రుచికీ నిల్వకీ రకరకాల పదార్థాలు కలిపి తయారు చేసే, ఇంటి వంటగదిలో చేయ వీలులేని తిండిని అతిగా శుద్ధి చేసిన ఆహారం అంటారు. 2019లో అమెరికాలో కెవిన్ హాల్ బృందం ఇరవై మందిని ఆసుపత్రిలోనే ఉంచి రెండు వారాలు ఆ తిండి, రెండు వారాలు మామూలు వంట, ఎంత కావాలంటే అంత పెట్టింది. మొదటి రకం తిన్న రోజుల్లో వారు తమకు తెలియకుండానే రోజుకు 500 కిలో కేలరీలు ఎక్కువ తిన్నారు, రెండు వారాల్లో దాదాపు ఒక కిలో పెరిగారు.

విద్యార్థినుల పరిస్థితి ఇంకొంత కఠినం. అబ్బాయిలకు రాత్రి బండి ఉంటే, గేటు ముందే మూసే అమ్మాయిల హాస్టలులో ఆకలి వేసిన వేళకు మిగిలేది బిస్కెట్ ప్యాకెట్టు, ఇంటి నుంచి తెచ్చుకున్న జంతికలు, కప్పు నూడుల్స్. సాయంత్రం మైదానంలోకి వెళ్తే చూపులు వెంట వస్తాయి. చీకటి పడితే క్యాంపస్ రోడ్డు మీద నడవడానికి దీపాలు ఉండవు, ఉంటే భద్రత ఉండదు. నెలసరి తప్పిపోతే, ముఖాన మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తే, అండాశయాల్లో నీటి తిత్తులని పిలిచే పీసీఓఎస్ సమస్య ఉన్నదని తేలితే డాక్టరు బరువు తగ్గమని చెప్పి పంపుతుంది. ఎక్కడ నడిచి తగ్గాలో ఎవరూ చెప్పరు. దీనికి తోడు పెళ్లి చూపుల మాట. డిగ్రీ చివరి ఏడాది వచ్చేసరికి బంధువులు నడుము కొలుస్తారు, అమ్మాయి రాత్రి భోజనం మానేస్తుంది, నెల తిరిగేసరికి తల తిరిగి పడుతుంది. సన్నబడడం కోసం చేసే పస్తులు, ఇంటర్నెట్‌లో దొరికే పొడులు ఆరోగ్యానికి దారి కావు. అవి సిగ్గు తెచ్చిపెట్టిన జబ్బులు.

అమెరికాలో కళాశాల తొలి ఏడాదిలో పదిహేను పౌండ్లు, అంటే ఏడు కిలోలకు దగ్గరగా, పెరుగుతారన్న నానుడి ఉన్నది. అనేక అధ్యయనాలను కలిపి చూస్తే అసలు పెరుగుదల సగటున ఒకటిన్నర కిలోల లోపే. తక్కువే అనిపిస్తుంది, కాని నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల పీజీ, ఆపైన పోటీ పరీక్షల తయారీ కలిపితే ఇరవై ఏడేళ్ల వయసుకు ఆ చిన్న మొత్తాలు ఎక్కడికి చేరతాయో ఊహించవచ్చు. భారతదేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో ప్రకటించింది. దాని అంచున ఉన్నవారు 13 కోట్లకు పైనే. ముప్ఫై ఏళ్లకే చక్కెర మాత్రలు మొదలుపెట్టేవారిలో చాలామందికి పునాది పడింది ఈ హాస్టలు ఏళ్లలోనే.

ఒకే తిండికి ఒకరు లావై మరొకరు కాకపోవడం చూసి నిగ్రహం లేదని నిందించేవారు ఉంటారు. 1999లో జేమ్స్ లెవైన్ పదహారు మందికి ఎనిమిది వారాలు రోజుకు 1,000 కిలో కేలరీలు అదనంగా తినిపించగా, కొందరికి మూడో వంతు కిలో కొవ్వు పెరిగితే కొందరికి నాలుగు కిలోలకు పైగా పెరిగింది. తేడా వ్యాయామానిది కాదు. లేవడం, నిలబడడం, అటూ ఇటూ తిరగడం, కుర్చీలో కదలడం వంటి చిన్న చిన్న కదలికలది. ఇది ఆశ కలిగించే సంగతి. జిమ్ లేకపోయినా, డబ్బు లేకపోయినా, రోజులో కదలిక పెంచే వీలు ఉన్నదని అది చెబుతున్నది. హాస్టలు నుంచి తరగతికి బండి మీద కాక నడిచి వెళ్ళడం, గ్రంథాలయంలో గంటకొకసారి లేవడం వంటివి చిన్న పనులుగా కనిపిస్తాయి. శరీరం లెక్కలో అవి చిన్నవి కావు. ఉస్మానియా రోడ్ల మీద చెట్ల కింద ప్రతి ఉదయం తార్నాక, విద్యానగర్ నుంచి వచ్చిన నడివయసు వారు, పదవీ విరమణ చేసినవారు వరుసగా నడుస్తూ కనిపిస్తారు. విశాఖలో బీచ్ రోడ్డు మీదా అంతే. ఆ వేళకు హాస్టళ్లలో విద్యార్థులు నిద్రలో ఉంటారు. డాక్టరు చెప్పాక నడిచే తరం ఒకటి బయటి నుంచి వస్తున్నది. చెప్పించుకోబోయే తరం లోపల పడుకుని ఉన్నది. ఆ లోపలివారికి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా దీపాలున్న మైదానం కావాలి, అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఒకేలా.

క్యాంపస్‌లలో జంక్ ఫుడ్ నిషేధించాలని విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2016లో, మళ్ళీ 2018లో లేఖలు రాసింది. లేఖతో ఆకలి పోదు. రాత్రి పన్నెండింటికి ఫాస్ట్‌ఫుడ్ బండిని తోలేసినంత మాత్రాన విద్యార్థి నిద్రపోడు. అతనికి పదిన్నరకు మెస్‌లో రెండు చపాతీలు, ఉడికించిన శనగలు, ఒక అరటిపండు, గ్లాసు మజ్జిగ దొరికితే బండి దగ్గరికి వెళ్ళే అవసరం చాలావరకు తగ్గుతుంది. ఉదయం టిఫిన్ గంట ఆలస్యంగా ముగిస్తే ఒట్టి కడుపులు తగ్గుతాయి. వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు. నెల ఖర్చును తిన్నవారందరి మీదా పంచే డివైడింగ్ మెస్‌లలో కొనుగోళ్లు చాలాచోట్ల విద్యార్థుల చేతుల్లోనే ఉంటాయి. బిల్లు తగ్గించామని చెప్పుకోవడానికి అక్కడ మొదట కోత పడేది కూరగాయలకే, పప్పుకే. నెలాఖరుకు ఆదా అయిన ఆ కొద్ది రూపాయలు రాత్రి బండి దగ్గర ఎంతో ఎక్కువగా తిరిగి ఖర్చవుతాయి. ప్రభుత్వాలు బియ్యానికి ఇచ్చే రాయితీలో కొంత పప్పుకూ గుడ్డుకూ మళ్ళించవలసి ఉన్నది. సంక్షేమ హాస్టళ్ల మెస్ ఛార్జీలు కూరగాయల ధరలతో పాటు పెరగవలసి ఉన్నది. అవి జరిగేదాకా ఆగనవసరం లేని పనులూ ఉన్నాయి.

ఈ ఏడాది మెస్ కమిటీలకు ఎన్నికయ్యే విద్యార్థులకూ, వారితో కూర్చునే వార్డెన్లకూ విన్నపం ఇది. అన్నం దగ్గర కొత్తగా హద్దు పెట్టవద్దు. కూర దగ్గర ఉన్న హద్దు తీసేయండి. ఆ చిన్న గరిటె మార్చి పెద్దది పెట్టండి, పప్పులో పప్పు కనిపించనివ్వండి, ఆకుకూరను రోజూ వండించండి, వరుసలో అన్నం కంటె ముందు కూరనే ఉంచండి. లావుగా ఉన్న తోటివారికి పెట్టిన మారుపేరు ఈరోజే మానేయండి. కొలతల విషయంలో సందేహం వస్తే అడగడానికి మనుషులు ఉన్నారు: తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ నుంచి ఉస్మానియా హాస్టళ్లకు ఉన్నది నడిచి వెళ్ళగలిగిన దూరమే.